ఒక్క అంకె చాలన్నారు

విశ్వవిద్యాలయంలో అతన్ని అందరూ సర్వర్ సారు అనేవారు. లైబ్రరీ పై అంతస్తులో, పుస్తకాల అరలు అయిపోయిన చోట ఒక చిన్న గది ఉంది. అందులో సగం సర్వర్ యంత్రాలు, మిగిలిన సగంలో ఒక బల్ల, రెండు కుర్చీలు, పొద్దస్తమానం రొద పెట్టే ఏసీ. ఆ ఏసీ మనుషుల కోసం కాదు, యంత్రాల కోసం. అందుకని అతను ఎండాకాలంలో కూడా స్వెటర్‌తోనే పనిచేసేవాడు. పెళ్ళయిన కొత్తలో అల్లుడు ఏం చేస్తాడని ఎవరో అడిగితే, వాళ్ళత్తగారు తడుముకుని "యూనివర్సిటీలో సర్వరట" అనేసింది. "చదువుకున్న కుర్రాడేనే, క్యాంటీన్‌లో ఎందుకు?" అన్నారట వాళ్ళు. ఆ అవమానాన్ని ఆవిడ చాలాకాలం మోసింది. ఇప్పుడు కూతురింట్లోనే ఉంటూ, సాయంత్రం అల్లుడు వాడిన మొహంతో వచ్చి చెప్పులు విప్పుతుంటే, "క్యాంటీన్ సర్వరైనా ఈపాటికి నవ్వు మొహంతో ఇంటికొచ్చేవాడు బాబూ" అని తనే అంటుంది.

చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. ఆ విశ్వవిద్యాలయంలోనూ చుట్టుపక్కల మరికొన్నింటిలోనూ ఎవరు ఏ పరిశోధన చేసినా, ఆ వ్యాసాలు, కొలతలు, రికార్డింగులు, వాటిని ఎవరు ఎక్కడ వాడుకున్నారన్న వివరాలు అన్నీ ఒకచోట చేర్చి, తాళం వేయకుండా లోకానికి తెరిచిపెట్టడం. దానికి పొడుగాటి పేరొకటి ఉంది గానీ అందరూ 'ఉమ్మడి' అనేవారు. నిజంగానే అది ఉమ్మడి కుటుంబంలాగే నడిచేది. తినేవాళ్ళకు లెక్కలేదు, గిన్నెలు తోమేది మాత్రం ముగ్గురు. అతనొకడు, పొరుగు విశ్వవిద్యాలయంలో ఒక లైబ్రేరియన్, ఇంకోచోట ఒక ప్రోగ్రామర్. ముగ్గురికీ అది అసలు ఉద్యోగం కాదు. అసలు ఉద్యోగం అయ్యాక చేసే పని.

ప్రమోషన్ల సమయంలో మాత్రం ఉమ్మడిని పలకరించేవాళ్ళు ఉండేవారు కాదు. అప్పుడంతా కంపెనీ అంకె రాజ్యం. ఎక్కడో ఉన్న ఒక కంపెనీ, ప్రతి అధ్యాపకుడి పేరు పక్కన ఒక అంకె వేసి పంపేది. ఆ అంకె ఎలా వచ్చిందో ఎవరూ అడగకూడదు, అడిగినా వాళ్ళు చెప్పరు. అధ్యాపకులు దాన్ని 'జాతకం' అనేవారు. "ఈ ఏడాది నా జాతకం బాగుందోయ్" అని ఒకరు, "నాకు శని పట్టింది" అని ఇంకొకరు కారిడార్లలో చెప్పుకునేవారు.

సర్వర్ సారు భార్యకు రెండుసార్లు శని పట్టింది. ఆవిడ అదే విశ్వవిద్యాలయంలో మాటలు, వినికిడి చూసే శాఖలో అధ్యాపకురాలు. చిన్నపిల్లలకు ఏ వయసులో ఏ అక్షరం నోట్లో కుదురుకుంటుందన్నది ఆవిడ పని. 'రైలు' అనమంటే 'లైలు' అనే పిల్లలు ఎప్పటికి 'రైలు' అంటారు? ఎప్పటికీ అనకపోతే కంగారు పడాలా, ఇంకా ఆగాలా? ఏళ్ళ తరబడి పిల్లల గొంతులు రికార్డు చేసి, తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి అన్నీ ఉమ్మడిలో పెట్టింది. వాటి పక్కనే వయసుల పట్టిక ఒకటి. ఎన్నో బడులు, ఆసుపత్రులు ఆ పట్టిక చూసే పిల్లల్ని పరీక్షించేవి. క్యాంపస్‌లో ఆవిడ 'పలుకుల మేడమ్'. కానీ ఆవిడ రాసిన వ్యాసాలు తక్కువ. కంపెనీకి వ్యాసాలే లెక్క, పిల్లల గొంతులు లెక్క కావు. రెండుసార్లు ప్రమోషన్‌కు అడిగింది, రెండుసార్లూ 'తగినంత లేదు' అని ఒక్క ముక్కతో జవాబు వచ్చింది. ఏది తగినంత లేదో చెప్పే నాథుడు లేడు.

అలాంటిది, ఆ ఏడు విశ్వవిద్యాలయం కంపెనీకి స్వస్తి చెప్పింది. ఇకమీదట మదింపు అంతా తెరిచి ఉన్న సమాచారంతోనే, అందరికీ కనపడేలా, న్యాయంగా జరుగుతుందని సర్క్యులర్ వచ్చింది. ఆ మర్నాడే డీన్‌గారి పిలుపు.

డీన్‌గారి గదిలో కుర్చీల్లో కూడా ఫైళ్ళే కూర్చుని ఉన్నాయి. "రండి, కూర్చోండి" అన్నారాయన, అలవాటుగా. సర్వర్ సారు నిలబడ్డాడు.

"ఉమ్మడిలో అందరి వివరాలూ ఉన్నాయా?"

"దాదాపుగా ఉన్నాయి సార్."

"ఇంకేం మరి! పేరు కొట్టగానే పక్కన ఒక అంకె రావాలి. వందకి ఇంత అని. ఒక్క అంకె చాలు."

"ఏ లెక్కన సార్?"

"ఆ లెక్కేదో మీరే చూడండి. పాత కంపెనీ వాళ్ళు మనకేమైనా చెప్పి చచ్చారా? అయినా బండి నడిచింది కదా."

సర్వర్ సారు గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి మాటలు ఎన్నిసార్లు ఎందరికి చెప్పాడో అతనికే గుర్తులేదు. "సార్, చరిత్ర శాఖలో శాసనాల మాస్టారు ఉన్నారు. ఒక్క రాయి మీద అక్షరాలు తేల్చడానికి ఆయనకి ఏళ్ళు పడుతుంది. పక్క బ్లాకులో కెమిస్ట్రీ వాళ్ళు ఈలోపు కట్టలకొద్దీ పేపర్లు తీస్తారు. ఇద్దరూ ఒళ్ళు దాచుకోకుండా పనిచేసేవాళ్ళే. ఇద్దర్నీ ఒకే తక్కెట్లో ఎలా వేసేది? కంపెనీని వదిలింది దీనికోసమే అనుకున్నాను నేను."

"వదిలింది ధర పెంచారని. ధర్మం కోసమని సర్క్యులర్‌లో రాసుకున్నాం, అది వేరే సంగతి." ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. "పోనీ, మీరైతే ఎలా తేలుస్తారు?"

"చదవాలి సార్. ఒక్కొక్కరి పనీ ఉమ్మడిలో ఒకే పేజీలో పెడతాను. ఏం చేశారు, దాన్ని ఎవరు, ఎందుకు వాడుకున్నారు. ఆ శాస్త్రం తెలిసిన బయటివాళ్ళు చదివి, పేరు పెట్టి, సంతకం చేసి రాస్తే సరిపోతుంది."

డీన్‌గారు నవ్వారు. అందులో వెటకారం లేదు, ఒట్టి అలసట. "చదవడానికి తీరికెవరికుందయ్యా? రాయడానికే దొరకట్లేదు." గొంతు తగ్గించి అన్నారు. "మీ ఆవిడ కూడా ఈసారి పెట్టుకున్నారు కదా?"

"పెట్టుకుంది సార్. అందుకే అసలు నేనీ లెక్కల జోలికి రాకూడదు."

"రమ్మనే చెబుతున్నా. 'వాడకం' అన్నదానికి కాస్త బరువెక్కువ పెట్టండి. రూలు అందరికీ ఒకటే కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆవిడకి రెండుసార్లు అన్యాయం జరిగింది. నాకు తెలియదనుకున్నారా?"

సర్వర్ సారు ఏదో గొణిగి బయటికొచ్చాడు. లంచం ఇవ్వజూపితే కోపం తెచ్చుకోవచ్చు. ఆయన మంచితనంతో అన్న మాట ఇది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. మెట్లెక్కి గదికి పోయి, ఏం చేయకుండా చాలాసేపు స్వెటర్ గుండీలు పెట్టుకుంటూ తీస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య భోజనాల బల్ల దగ్గర చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పిల్లల గొంతులు వింటోంది. అత్తగారు సోఫాలో ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అతను టీ కలుపుకొచ్చి ఎదురుగా కూర్చుని, డీన్‌గారు అన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మీరేమన్నారు?" అంది భార్య, ఒక చెవి ఖాళీ చేసుకుని.

"ఏమీ అనలేదు. నిన్నడిగి చెబుదామని కాదు. నాకే నోరు పెగల్లేదు."

అత్తగారు దుప్పటి పక్కన పెట్టింది. "ఇందులో ఆలోచించడానికేముంది బాబూ? పెద్దాయన తనంతట తనే పిలిచి చెబితే! దానికి రావలసిందే కదా. ఇంకొకరి కంచంలోది లాక్కోవట్లేదుగా?"

"అమ్మా, నువ్వూరుకో." పలుకుల మేడమ్ భర్త వైపు తిరిగింది. "బరువు మీరు పెడితే ఆ అంకె మీదవుతుంది గానీ నాదవదు. తీరా వచ్చాక, మొగుడి చలవతో ఎక్కిందంటారు. కాదని ఎవరి నోరని మూయను? నాకు సున్నా వేసినా పడి ఉంటాను గానీ, మీ చేత్తో వేసిన వంద నాకొద్దండీ."

"వద్దనే అనుకున్నాను నేనూ."

"మరి ఆ మొహమేంటి?"

"నువ్వు మళ్ళీ 'తగినంత లేదు' అని కాగితం పట్టుకుని వస్తావేమోనని."

ఆవిడ హెడ్‌ఫోన్ ఆ చెవికి కూడా తగిలించేసుకుంది.

మర్నాడు అతను డీన్‌గారికి రాసి ఇచ్చాడు. అంకె ఇవ్వలేను, పేజీలు ఇస్తాను, ఆ పేజీలు చదివేవాళ్ళను పిలవండి, మా ఇంటావిడ పేజీ మాత్రం పొరుగు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ తయారుచేస్తారు, నేను తాకను. అంతే. డీన్‌గారు కాదనలేదు, అవునని కూడా అనలేదు. ఆ ఏడు ఖాళీగా ఉన్న మూడు పోస్టులకు దరఖాస్తు పెట్టుకున్న అందరి పనినీ బయటివాళ్ళకు పంపమని మాత్రం గుమస్తాతో చెప్పించారు.

ఆ తర్వాత సర్వర్ సారు గది సంతలా మారింది. ఇన్నాళ్ళూ లైబ్రరీకి పై అంతస్తు ఉందని ఎరగనివాళ్ళు కూడా ఆయాసపడుతూ ఎక్కి వచ్చేవారు. ఒకావిడకు తన వ్యాసం ఒకటి కనపడలేదు. ఒకాయనకు తన వ్యాసాన్ని ఎవరో తప్పుపడుతూ రాసింది మరీ పైన కనపడుతోందని బాధ. ఫిజిక్స్ మాస్టారి సంగతైతే మరీ విచిత్రం. కంపెనీ కాగితాల్లో ఆయన పేరు కింద కోళ్ళ జబ్బుల మీద బోలెడన్ని వ్యాసాలున్నాయి. ఇంటిపేరు, పొడి అక్షరాలు కలిసిన వేరే ఎవరివో. ఉమ్మడిలో ప్రతి మనిషికీ విడిగా ఒక గుర్తింపు సంఖ్య ఉండటంతో కోళ్ళు ఎటువి అటు పోయాయి.

"ఏళ్ళ తరబడి ఉన్నాయండీ అవి" అన్నాడాయన, ఇంట్లోంచి కోళ్ళు నిజంగానే పోయినట్టు.

"మీవి కావు కదా సార్."

"కావనుకోండి. కానీ ఇప్పుడు హఠాత్తుగా తీసేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు సర్వర్ సారుకి. ఒకరికి నచ్చజెప్పి పంపేలోపు గుమ్మంలో ఇంకొకరు. ప్రోగ్రామర్ ఫోన్ చేసి, "అన్నా, అక్కడ మీరు తెరిచి చూసే ప్రతి పేజీకీ ఇక్కడ నా యంత్రం మూలుగుతోంది, ఇంకొకటి ఇప్పించమని అడగరాదూ" అనేవాడు. ఎవర్ని అడగాలి? న్యాయం కావాలని అందరూ అంటారు, న్యాయానికి కరెంటు బిల్లు ఉంటుందని ఎవరికీ తట్టదు. అతను ఆ రోజుల్లో భోజనం చేస్తూ చేస్తూనే కునికేవాడు.

ప్రమోషన్లు తేల్చే కమిటీ సమావేశం జరిగిన రోజున ఇంకో సంగతి బయటపడింది. అతను అంకె ఇవ్వనన్నాడని డీన్‌గారి ఆఫీసు ఊరుకోలేదు. ఉమ్మడిలోంచి వివరాలన్నీ దింపుకుని, ఎవరో కూర్చుని, ఎక్సెల్‌లో వాళ్ళే ఒక అంకె కట్టేశారు. అందరి ముందూ ఆ పట్టికే ఉంది. బయటివాళ్ళు చదివి రాసిన నివేదికలు దాని కింద ఉన్నాయి. అతను ఏమనగలడు? తలుపు తాళం వేయకుండా పెట్టింది తనే. లోపలికి ఫలానావాళ్ళే రావాలని అనే హక్కు లేదు.

రెండు పోస్టులు ఆ పట్టిక ప్రకారమే పోయాయి. మూడోదాని దగ్గర గొడవ పడ్డారట. శాసనాల మాస్టారి పేరు పట్టికలో ఎక్కడో అడుగున ఉంది, ఇంకొద్ది కాలంలో రిటైరయ్యే మనిషి. కానీ ఆయన పని చదివిన ఇద్దరూ ఎంత వివరంగా రాశారంటే, సమావేశంలో ఒకరు ఆ నివేదికను పైకి చదవడం మొదలుపెడితే చివరిదాకా ఎవరూ ఆపలేదట. పోస్టు ఆయనకు ఇచ్చారు. కబురు తెలిసిన రోజున ఆయన మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కి సర్వర్ సారు గదికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని ఊపిరి కుదుటపడేదాకా ఆగి, "చదివారయ్యా" అన్నాడు. "పోస్టుదేముంది, నాలుగు రోజులు. ఎవరో కూర్చుని చదివారు." అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

పలుకుల మేడమ్‌కు రాలేదు.

ఈసారి ఒక్క ముక్క జవాబు కాదు. సంతకంతో సహా ఒక నివేదిక వచ్చింది. రాసింది వేరే ఊళ్ళో ఆ శాస్త్రం చెప్పి రిటైరైన ఒక పెద్దావిడ. పలుకుల మేడమ్ దాన్ని భోజనాల బల్ల దగ్గర కూర్చుని చదివింది. సగానికి వచ్చేసరికి మొహం ఎర్రబడింది. చివరి పేజీలు చదవకుండానే, కాగితాలు బల్ల మీద విసిరేసింది.

"ఏమన్నారు?" అన్నాడతను.

"నేను కొలిచిందంతా మనలాంటి ఇళ్ళ పిల్లల్నేనట. క్లినిక్‌కి వచ్చినవాళ్ళు, క్యాంపస్ ఉద్యోగుల పిల్లలు. పొద్దున్నుంచీ ఎవరో ఒకరు పక్కన కూర్చుని మాటలు చెప్పే ఇళ్ళు. అమ్మానాన్నా ఇద్దరూ పనిలోకి పోయి, అక్కల దగ్గర పెరిగే పిల్లలు నా దాంట్లో లేనేలేరట. అందుకని నా పట్టికలో వయసులన్నీ తక్కువకి జరిగాయట. 'ర' పలకడానికి ఇంకా టైమున్న పిల్లల్ని కూడా నా పట్టిక వెనకబడ్డవాళ్ళంటుందట." "ఇన్నేళ్ళూ ఎవరూ చదవలేదని ఏడ్చాను కదండీ. చదివితే ఇదా!"

"పోనీలేవే. ఎవరో ముసలావిడ, పొద్దుపోక రాసుంటుంది" అంది అత్తగారు. పలుకుల మేడమ్ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల్నుంచి ఆ పెద్దావిడను, డీన్‌ను, ఉమ్మడిని, ఉమ్మడిని కనిపెట్టినవాళ్ళను వరసపెట్టి తిట్టడం వినపడింది. అత్తగారు అల్లుడి కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించి, "తినండి బాబూ, తిట్టేది మిమ్మల్నేగా" అంది.

మర్నాటి నుంచి పలుకుల మేడమ్ మాట్లాడటం తగ్గించేసింది. సెలవు రోజున పొద్దున్నే పాత రికార్డింగులన్నీ ముందేసుకుని, ఏ పిల్ల ఏ ఇంటిదో, తల్లిదండ్రులు ఏం పనిచేస్తారో ఒక్కొక్కటీ చూడటం మొదలుపెట్టింది. బ్యాంకు. బడి. ఆసుపత్రి. బ్యాంకు. ఆఫీసు. మధ్యాహ్నానికి ఆపేసి, భర్తను పిలిచింది.

"నా పేజీలో 'వాడకం' అని ఉంటుంది కదా, అది తెరవండి."

తెరిచాడు. ఎవరెవరు ఆ పట్టికను ఎందుకు వాడారో ఉమ్మడి సేకరించి పెట్టిన చోటు అది. ఆవిడ దాన్ని ఎన్నోసార్లు గర్వంగా చూసుకుంది. ఇప్పుడు వేలితో ఒక వరస చూపించింది. పెద్ద రోడ్డు పని జరిగే చోట, కూలీల పిల్లల కోసం నడిపే బడి ఒకటి రాసిన మాటలు. మీ పట్టిక మాకెంతో ఉపయోగపడింది, దాన్ని చూసి మా పిల్లల్లో మందకొడిగా ఉన్నవాళ్ళను గుర్తించి వేరే తరగతిలో కూర్చోబెట్టాం, ధన్యవాదాలు.

"ఇది నాకు ప్లస్ మార్కే కదా?" అంది.

"అవును. వాడకమే కదా."

"మీ డీన్‌గారు చెప్పినట్టు దీనికి బరువెక్కువ పెట్టుంటే, ఆ పిల్లల్లో ఒక్కొక్కరూ నాకు ఒక్కో మార్కు తెచ్చిపెట్టేవాళ్ళన్నమాట."

ఆవిడ లేచి, ఫోన్ తీసుకుని, నివేదిక చివర ఉన్న నంబరు కలిపింది. స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టింది, అతనికీ వినపడాలని కాబోలు.

"నమస్కారమండీ. నేను..."

"తెలుసమ్మా. చేస్తావనే చూస్తున్నాను. తిట్టడానికా, అడగడానికా?" పెద్దావిడ గొంతు అరిగినట్టుంది గానీ చురుగ్గా ఉంది.

"తిట్టడం అయిపోయిందండీ. ఇంట్లోనే కానిచ్చేశాను."

అవతల పెద్దావిడ పెద్దగా నవ్వి, దగ్గి, ఊపిరి తీసుకుంది. "నీ రికార్డింగులన్నీ విన్నాను. కళ్ళు సరిగా ఆనవు గానీ చెవులకింకా ఢోకా లేదు."

"అన్నీ విన్నారా?"

"అన్నీ. పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని. ఒక పిల్ల 'లైలు' అంటే పక్కన ఎవరో నవ్వారు, అది బావురుమంది. ఆ ఏడుపు కోసేయకుండా ఉంచావే, అందుకు నీకు దండం పెట్టాలి. ఇంకొకళ్ళైతే శుభ్రం చేసేసేవాళ్ళు. నువ్వు అంతా తెరిచి పెట్టావు కాబట్టి కదమ్మా తప్పెక్కడుందో నాకు దొరికింది. మూసి పెట్టుకున్నవాళ్ళ తప్పులు ఎవరికి కనపడతాయి?"

పలుకుల మేడమ్ చీర కొంగుతో మొహం ఒత్తుకుంది. "మీరది రాయకుండా ఉంటే పోస్టు వచ్చేదేమోనండీ."

"వచ్చేదేమో. నేను ఇవ్వమనే రాశాను తెలుసా? తప్పుందనీ రాశాను, అయినా ఇవ్వమనీ రాశాను. మీవాళ్ళు మొదటి పేజీతో ఆపేసి ఉంటారు." "చూడూ, నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా పని ఎవరూ ఇలా చదివి ఇక్కడ తప్పమ్మా అని చెప్పలేదు. మంచిదన్నవాళ్ళూ చదవలేదు, కాదన్నవాళ్ళూ చదవలేదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, నావి ఎన్ని తప్పులున్నాయో అనుకుంటూ ఉంటాను. సరే, ఆ పిల్లల దగ్గరికి ఎప్పుడు వెళ్తావు?"

"ఎవరి దగ్గరికండీ?"

"నీ పట్టికలో లేనివాళ్ళ దగ్గరికి."

ఫోన్ పెట్టేశాక ఆవిడ నివేదికలో తను వదిలేసిన చివరి పేజీలు చదివింది. తర్వాత భర్తతో అంది. "నా పట్టిక మీద ఒక మాట పెట్టాలండీ. పైనే, పెద్ద అక్షరాల్లో. ఇందులో అన్ని రకాల ఇళ్ళ పిల్లలూ లేరు, దీన్ని చూసి ఏ పిల్లనీ వెనకబడిందని తేల్చవద్దు అని."

"పెట్టొచ్చు. ఒక్కసారి పెడితే తీయడానికి ఉండదు, పాత రూపంతో సహా అన్నీ ఉండిపోతాయి. ఉమ్మడి పద్ధతి అది." తర్వాతి మాట చెప్పకుండా ఉంటే బాగుండునని ఉంది అతనికి, చెప్పక తప్పదు. "వాడకం పడిపోతుంది. వచ్చే ఏడాది కమిటీవాళ్ళు నీ పేజీ తెరవగానే కనపడేది అదే. అంకె కట్టేవాళ్ళకి కారణాలు కనపడవు, పడిపోయిన అంకే కనపడుతుంది."

"చూడనీండి."

"మరోసారి ఆలోచించుకుంటావా?"

"ఆ రోడ్డు పని దగ్గర పిల్లలు ఈ పొద్దు కూడా వేరే గదిలోనే కూర్చుని ఉంటారండీ. నేను ఆలోచించుకునేదాకా అక్కడే ఉంటారు."

అత్తగారు ఎప్పుడొచ్చిందో, వెనక నిలబడి అంతా వింది. "నీకు మాటలు రావడం ఎంత ఆలస్యమైందో తెలుసా?" అంది కూతురితో. "మీ నాన్నా నేనూ ఇద్దరం పనికి పోయేవాళ్ళం. బడిలో వేసేదాకా 'లైలు' అనే అన్నావు. ఇప్పటిలా పట్టికలుండి ఉంటే నిన్ను ఏ గదిలో కూర్చోబెట్టేవాళ్ళో!"

"ఈ మాట ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వడిగావా? ఊళ్ళో వాళ్ళ పిల్లలందర్నీ అడిగావు గానీ."

పలుకుల మేడమ్ నవ్వింది. చాలా రోజులకు నవ్వింది గానీ, నవ్వుతూనే కళ్ళు మూసుకుని తల బల్లకు ఆనించింది.

మదింపు ముగిసిపోయింది కనక సర్వర్ సారే ఆ మాట పెట్టాడు. రోడ్డు పని దగ్గరి బడికి ఆవిడ స్వయంగా ఫోన్ చేసింది. అక్కడి టీచరమ్మ మొదట విసుక్కుంది. "అప్పుడు నమ్మమన్నారు, ఇప్పుడు నమ్మొద్దంటున్నారు, మేమేం చేయాలండీ?" అంది. తర్వాత ఏమనుకుందో, పిల్లల్ని మళ్ళీ కలిపి కూర్చోబెట్టామని కబురు పంపింది. కొన్ని ఆసుపత్రులు అసలు జవాబే ఇవ్వలేదు. వాళ్ళు పాత పట్టికనే వాడుతూ ఉండొచ్చు, తెలుసుకునే దారి లేదు. అతను చెప్పినట్టే వాడకం పడిపోయింది.

ఆవిడ తీరిక దొరికినప్పుడల్లా ఆ బడికి పోతోంది. లారీల మోత, కంకర మిషన్ల చప్పుడు. తెచ్చిన రికార్డింగుల్లో సగం పనికిరావు. పనికొచ్చినవాటిలో కూడా పిల్లలు కొత్తమనిషిని చూసి నోరు విప్పరు. ఒకచోట పని అయిపోగానే మనుషులు ఇంకోచోటికి తరలిపోతారు, ఈ నెల మాట్లాడిన పిల్ల వచ్చే నెల ఉండదు. ఇదంతా ఒక కొలిక్కి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆవిడకే తెలియదు. పెద్దావిడ మాత్రం, వచ్చిన ప్రతి రికార్డింగూ తనకు పంపమంది. వింటోంది.

మళ్ళీ ప్రమోషన్ల కాలం వచ్చింది. ఈసారి సర్క్యులర్‌లో, అంకెతోపాటు నివేదికలు కూడా తప్పనిసరిగా చదవాలని ఒక వాక్యం కొత్తగా చేరింది. శాసనాల మాస్టారు రిటైరయ్యే ముందు పట్టుబట్టి చేర్పించాడట. అంకెను మాత్రం తీసేయలేదు. డీన్‌గారు మెట్ల దగ్గర ఎదురై, "చూశారా, మీ మాట సగం నెగ్గింది" అన్నారు. ఆయన మొహంలోనూ సగమే సంతోషం ఉంది. చదవవలసిన కట్ట ఎంత ఉందో ఆయనకు తెలుసు.

సర్వర్ సారు ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు. పలుకుల మేడమ్ అప్పుడే బడి నుంచి వచ్చినట్టుంది, చెప్పుల నిండా ఎర్రదుమ్ము. సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"దరఖాస్తు పెడతావా?" అన్నాడు.

"ఈ ఏడు పెట్టనండీ. చూపించడానికి ఏముంది? సగం పని."

"ఆ పెద్దావిడ సంతకం పెడుతుందిగా."

"పని అయ్యాక పెట్టమందాం." అని, కళ్ళు మూసుకునే అడిగింది. "ఉమ్మడికి మీరడిగిన ఇంకో యంత్రం ఇస్తామన్నారా లేదా?"

"చూద్దామన్నారు."

"మనిద్దరికీ ఒకటే జవాబు, చూద్దామని" అంది. కాళ్ళు కడుక్కోవడానికి లేద్దామనుకుంది గానీ, లేవకుండా అలాగే నిద్రపోయింది. అతను ఆవిడ సంచిలోంచి రికార్డర్ తీసి, బల్ల దగ్గర కూర్చుని, ఆ రోజు పిల్లల గొంతుల్ని ఒక్కొక్కటిగా ఉమ్మడిలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.